టెక్సస్‌లో ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్: ముందు ఖాళీ ఎక్కడుందో చూడండి, తర్వాతే సబ్జెక్టు

ఫ్రిస్కో, కాపెల్, ఇర్వింగ్, కేటీ, రౌండ్ రాక్, లియాండర్. ఈ ఊళ్ల స్కూళ్లలో తెలుగు పిల్లలు ఎప్పటినుంచో ఉన్నారు, ఇప్పుడు తెలుగు టీచర్లూ బాగానే కనబడుతున్నారు. వాళ్లలో చాలామంది బీఎడ్ మొహం చూసినవాళ్లు కాదు. ఇండియాలో బీటెక్కో ఎంసీఏనో చదివి, హెచ్4 (హెచ్1బీ మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి, ఈఏడీ, అంటే పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు, చేతికొచ్చాక ఈ దారి పట్టినవాళ్లు. డిగ్రీ ముందే ఉన్నవాళ్లు మళ్లీ నాలుగేళ్లు యూనివర్సిటీకి వెళ్లకుండా ఏడాది పాటు జీతం తీసుకుంటూ పాఠం చెప్పి లైసెన్స్ తెచ్చుకునే పద్ధతి ఇది. ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అన్నది పూర్తి పేరు, ఇక్కడ అందరూ ఏసీపీ అంటారు. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే టీఈఏ, అనుమతి ఇచ్చిన సంస్థల ద్వారానే ఇది నడుస్తుంది. ఆ సంస్థలను ఎడ్యుకేటర్ ప్రిపరేషన్ ప్రోగ్రామ్‌లు, పొట్టిగా ఈపీపీలంటారు. కొన్ని ప్రైవేటువి, కొన్ని యూనివర్సిటీలవి, కొన్ని ప్రాంతీయ ఎడ్యుకేషన్ సర్వీస్ సెంటర్లవి. ఆ సెంటర్లు రాష్ట్రంలో 20 ఉన్నాయి. హ్యూస్టన్‌కి రీజియన్ 4, రిచర్డ్‌సన్ వైపు రీజియన్ 10, ఆస్టిన్‌కి రీజియన్ 13.

చాలామంది ముందు ఈపీపీకి డబ్బు కడతారు, తర్వాత పరీక్ష రాస్తారు, ఆ తర్వాత ఉద్యోగం వెతుకుతారు. ఆలోచించాల్సింది సరిగ్గా దీనికి ఎదురు దిశలో. స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగం ఇస్తేనే ఏడాది పాటు పాఠం చెప్పనిచ్చే ఇంటర్న్ సర్టిఫికెట్, ఆ ఇంటర్న్ ఏడాది పూర్తయితేనే అసలు లైసెన్స్ అయిన స్టాండర్డ్ సర్టిఫికెట్. అన్ని పరీక్షలూ పాసై ఉద్యోగం దొరక్క రెండేళ్లు కూర్చున్నవాళ్లు కొల్లలు. వాళ్లలో ఎక్కువమంది ఎంచుకున్నది ఒకటే: ఈసీ-6, అంటే ప్రీకే నుంచి ఆరో తరగతి దాకా అన్ని సబ్జెక్టులూ.

ఎందుకు ఎంచుకుంటారో తెలిసిందే. చిన్నపిల్లలు, తేలిక పాఠాలు, మన పిల్లల స్కూల్లోనే చేయొచ్చు. ప్రిన్సిపల్ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఎలిమెంటరీ ఖాళీ ఒకటి పడితే యూనివర్సిటీలో టీచర్ ఎడ్యుకేషన్ చదివి, అదే స్కూల్లో స్టూడెంట్ టీచింగ్ చేసిన అమ్మాయిలు వరుసలో ఉంటారు. పైగా ఈసీ-6కి కోర్ సబ్జెక్ట్స్ పరీక్షతో పాటు సైన్స్ ఆఫ్ టీచింగ్ రీడింగ్ అనే పరీక్ష 2021 జనవరి నుంచి తప్పనిసరి. పిల్లలకు చదవడం ఎలా వస్తుంది, ఫోనిమిక్ అవేర్‌నెస్‌కీ ఫోనిక్స్‌కీ తేడా ఏంటి, పిల్లాడు తప్పు చదివిన తీరు చూసి లోపం ఎక్కడుందో ఎలా పట్టాలి, ఇవీ అందులో ప్రశ్నలు. చివర్లో రాత జవాబు కూడా ఉంటుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఇది లెక్కల పరీక్ష కంటే కష్టం.

అదే మనిషి మ్యాథ్ 4-8 (అంటే నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా), మ్యాథ్ 7-12, సైన్స్ 7-12 లేదా కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పోటీ పలచబడుతుంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఖాళీలు ఇంకా ఎక్కువ, ఉద్యోగం త్వరగా వస్తుంది. కానీ అందులో పాఠంతో సమానంగా కాగితం పని ఉంటుంది: ఐఈపీలు (ఒక్కో పిల్లాడికీ విడిగా వేసే చదువు ప్రణాళికలు) రాయడం, వాటిని తల్లిదండ్రులతో కూర్చుని ఖాయం చేసే ఏఆర్‌డీ మీటింగులు, చట్టం పెట్టిన గడువులు. ఖాళీ ఉందని మాత్రమే అందులోకి వెళ్లినవాళ్లు డిసెంబరుకల్లా అలసిపోతారు. సబ్‌గానో (సెలవు పెట్టిన టీచర్ బదులు రోజువారీగా వెళ్లే సబ్‌స్టిట్యూట్) ఎయిడ్‌గానో (టీచర్‌కి సాయపడే మనిషి) స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసులో కొన్ని వారాలు పనిచేశాకే ఆ నిర్ణయం తీసుకోండి.

సబ్జెక్టు ఖాయం చేసే ముందు ఒక గంట పని చేయండి. కారులో అరగంట దూరంలో ఉన్న డిస్ట్రిక్ట్‌లన్నిటి జాబ్ పేజీలు ఏప్రిల్, మే నెలల్లో తెరిచి, ఏ సర్టిఫికెట్‌కి ఎన్ని పోస్టులున్నాయో కాగితం మీద రాసుకోండి. ఈపీపీ సేల్స్ మనిషి ఫోన్‌లో చెప్పే మాట కంటే ఆ కాగితం నమ్మదగ్గది.

ఇక కాగితాలు. ఇండియా డిగ్రీకి టీఈఏ ఒప్పుకునే ఎవాల్యుయేషన్ సర్వీస్ నుంచి రిపోర్ట్ కావాలి. డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ అనే చవక రిపోర్ట్ తెప్పించుకుని డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కోర్స్ బై కోర్స్ రిపోర్టే అడగాలి, ఎందుకంటే ఈపీపీ చూసేది మీ డిగ్రీ ఒక్కటే కాదు, ఆ సబ్జెక్టులో మీకున్న క్రెడిట్లు కూడా. 7వ తరగతీ అంతకు పైన మ్యాథ్ లేదా సైన్స్ చెప్పాలంటే ఆ సబ్జెక్టులో 15 సెమిస్టర్ క్రెడిట్లు, మిగతా వాటికి 12 ఉండాలి. జీపీఏ కనీసం 2.5. క్రెడిట్లు చాలకపోతే పాక్ట్ అనే ప్రవేశ పరీక్ష పాసవ్వాలి. పాక్ట్ అడ్మిషన్‌కే పనికొస్తుంది, సర్టిఫికెట్ పరీక్ష మళ్లీ వేరుగా రాయాలి. క్రెడిట్లు ఉన్నాయని తేలితే ఆ ఖర్చూ ఆ తలనొప్పీ తప్పుతాయి.

బీటెక్ వాళ్లు ఇక్కడ రిపోర్ట్‌ని కళ్లు పెట్టుకుని చదవాలి. ఎం1, ఎం2, ఎం3, ప్రాబబిలిటీ, న్యూమరికల్ మెథడ్స్, డిస్క్రీట్ మ్యాథ్ అన్నీ మ్యాథ్ కింద లెక్కకొస్తే 15 దాటడం కష్టం కాదు. రిపోర్ట్‌లో ఒకటి రెండు పేపర్లు ఇంజనీరింగ్ ఖాతాలో పడి 13 దగ్గర ఆగిపోతే, యూనివర్సిటీ సిలబస్ కాపీ పంపి మళ్లీ చూడమని అడగొచ్చు. మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ చదివినవాళ్లకి అసలు చిక్కు వేరే: కొన్ని సర్వీసులు దాన్ని మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువు అని రాసి ఊరుకుంటాయి, బ్యాచిలర్స్‌తో సమానమని రాయవు. ఆపైన ఎమ్మెస్సీ, ఎంసీఏ, ఎంబీఏ ఏదున్నా ఆ మార్కుల మెమోలు కూడా అదే రిపోర్ట్‌లో పెట్టించాలి. కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ దగ్గరుంచుకోండి. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్ అడిగే సర్వీస్ అయితే హైదరాబాద్‌లోనో కాకినాడలోనో మీ తరఫున తిరిగే మనిషి కావాలి, దానికి వారాలు పడుతుంది.

ఇండియాలో బీఎడ్ చేసి పాఠాలు చెప్పినవాళ్లు నేరుగా ఏసీపీలో చేరిపోకుండా, టీఈఏలో వేరే దేశపు టీచర్ల అర్హతలు పరిశీలించే మార్గం తమకు వర్తిస్తుందేమో ముందు అడగాలి. బీఎడ్ డిగ్రీ ఒక్కటే ఇక్కడ లైసెన్స్ కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

పేరు సంగతి. టీఈఏ ఆన్‌లైన్ ఖాతాలో, పరీక్ష నడిపే పియర్సన్ ఖాతాలో, చేతిలో ఉన్న డ్రైవింగ్ లైసెన్స్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందో వెనకో, పెళ్లికి ముందు పేరో తర్వాతదో, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడమో, మనకు ఇవన్నీ మామూలే. పరీక్ష సెంటర్‌లో అవి మామూలు కావు, వెనక్కి పంపేస్తారు, ఫీజు పోతుంది. ఖాతా తెరిచే రోజే లైసెన్స్ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూసి నింపండి.

ఈపీపీ అడ్మిషన్ వచ్చాక 300 గంటల శిక్షణ ఉంటుంది, ఎక్కువ భాగం ఆన్‌లైన్. అందులో 150 గంటలు, దాంతో పాటు స్కూల్లో కూర్చుని పాఠాలు గమనించే ఫీల్డ్ గంటలు ఇంటర్న్‌షిప్‌కి ముందే అయిపోవాలి. ఫీల్డ్ గంటలు మే నెలాఖరుకి మిగిల్చుకుంటే ఇరుక్కుపోతారు, వేసవిలో స్కూళ్లే ఉండవు. సబ్జెక్టు మీద రాసే కంటెంట్ పరీక్ష (రాష్ట్రం టీచర్లకు పెట్టే ఈ పరీక్షల పేరు టెక్సెస్) పాసయ్యాక ఈపీపీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఎలిజిబిలిటీ ఇస్తుంది. దరఖాస్తుకి జతచేయాల్సింది ఆ కాగితమే. అది లేకుండా పంపిన దరఖాస్తు హెచ్‌ఆర్ వడపోతలోనే ఆగిపోతుంది.

పరీక్షల లెక్క ఇది: 100 నుంచి 300 స్కేల్‌లో 240 వస్తే పాస్. కంటెంట్ పరీక్షల్లో చాలావాటికి, పీపీఆర్‌కి (బోధన పద్ధతులు, టీచర్ బాధ్యతల మీద అందరూ రాయాల్సిన పరీక్ష) ఫీజు 116 డాలర్లు. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 30 రోజులు ఆగాలి. మొత్తం ఐదుసార్లే అవకాశం, ఆపైన టీఈఏని వేవర్ అడుక్కోవాలి. కాబట్టి ఒకసారి రాసి చూద్దాంలే అనే ధోరణి ఇక్కడ పనికిరాదు.

మ్యాథ్ 7-12లో 100 ప్రశ్నలు, ఐదు గంటలు. ఆల్జీబ్రా, ఫంక్షన్లు, క్యాలిక్యులస్ కలిపి 33 శాతం, అక్కడ మనవాళ్లు బాగానే లాగిస్తారు. పోయేది మూడు చోట్ల. ఇంటర్ తర్వాత ముట్టని జామెట్రీ ప్రూఫులు. స్టాటిస్టిక్స్‌లో బాక్స్ ప్లాట్లు, రిగ్రెషన్, శాంప్లింగ్ పద్ధతులు. చివరి పది శాతం పూర్తిగా బోధన, మూల్యాంకనం మీద: పిల్లాడు చేసిన తప్పు లెక్క చూపించి, వాడి మనసులో ఉన్న అపోహ ఏదో చెప్పమంటారు. స్క్రీన్ మీద గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఇస్తారు. మన చదువులో అది లేదు కాబట్టి, దాని వాడకం ముందే చేతికి అలవాటు చేసుకుంటే ఇరవై నిమిషాలైనా మిగులుతాయి.

పీపీఆర్ అసలు మరో రకం జంతువు. సిలబస్ బట్టీపడితే రాదు. ఉదాహరణకి ఇలా అడుగుతారు: ఏడో తరగతి కుర్రాడు వారం నుంచి హోంవర్క్ తేవడం లేదు, క్లాసులో తల వాల్చేస్తున్నాడు, టీచర్ మొదట ఏం చేయాలి? ఇంటికి ఫోన్ చేయడం, కౌన్సెలర్ దగ్గరికి పంపడం, రూల్ ప్రకారం సున్నా వేయడం, పక్కకు పిలిచి విడిగా మాట్లాడడం. నాలుగూ తప్పు పనులు కావు. మన చదువుల వాతావరణంలో పెరిగిన చెయ్యి మొదటిదాని మీదికి వెళ్తుంది. ఇక్కడ జవాబు చివరిది, ఎందుకంటే ప్రశ్నలో "మొదట" అని ఉంది, టీచర్ తన చేతిలో ఉన్న పని చేశాకే ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి. దీనికి మినహాయింపు ఒకటి ఉంది: పిల్లల మీద హింస జరుగుతోందన్న అనుమానం. అక్కడ విచారించడం, ప్రిన్సిపల్‌కి చెప్పి వదిలేయడం రెండూ తప్పే. చట్టం ప్రకారం టీచరే స్వయంగా రిపోర్ట్ చేయాలి, ఆ బాధ్యత ఇంకొకరికి అప్పగించడానికి లేదు. ఇది పరీక్షలో మార్కు, ఉద్యోగంలో కేసు.

పీపీఆర్ ఇంటర్న్ సర్టిఫికెట్‌కి అక్కర్లేదు, అందుకే చాలామంది వాయిదా వేస్తారు. నా మాట వింటే ఉద్యోగంలో చేరకముందు వేసవిలోనే రాసేయండి. ఇంటర్న్ సర్టిఫికెట్ ఒక్క ఏడాదికే. ఏ కారణం వల్లనైనా రెండో ఏడాది కావాల్సి వస్తే ఇచ్చేది ప్రొబేషనరీ సర్టిఫికెట్, దానికి పీపీఆర్ పాసై ఉండాలి.

క్యాలెండర్ సంగతి తేలికగా తీసుకోకండి. బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు, నియామకాలు మార్చి నుంచి జులై దాకా ఊపు మీద ఉంటాయి. అంటే ముందటి ఏడాది సెప్టెంబరుకి ఎవాల్యుయేషన్ మొదలుపెట్టి, చలికాలంలో కంటెంట్ పరీక్ష ముగించి, మార్చికి ఎలిజిబిలిటీ కాగితం చేతిలో ఉంచుకోవాలి. జూన్‌లో ఆ కాగితం వచ్చినవాళ్లకి మిగిలేది ఎవరూ వద్దన్న పోస్టులు. ఈలోగా సబ్‌గా వెళ్లడం మంచి పని. రోజు కూలి తక్కువే, కానీ ప్రిన్సిపల్‌కి మీ ముఖం తెలుస్తుంది, రిఫరెన్స్ దొరుకుతుంది, అమెరికన్ పిల్లల గోల చెవికి అలవాటవుతుంది. ఇంటర్వ్యూలో మీ క్లాసులోకి నేనొస్తే ఏం కనిపిస్తుంది అని అడుగుతారు. పిల్లలు బుద్ధిగా కూర్చుని వింటారు అన్న జవాబుతో ఇంటర్వ్యూ అక్కడికి సరి.

వీసా విషయంలో రెండు ముక్కలు. ఈఏడీ లేని హెచ్4 మీద జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ కుదరదు. చదువుకోవచ్చు, పరీక్షలు రాసుకోవచ్చు, అంతే. ఈఏడీ ఉన్నవాళ్లు ముగింపు తేదీ స్కూల్ ఏడాది మధ్యలో పడుతుందేమో చూసుకోవాలి. రెన్యువల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే 540 రోజులు పని చేసుకోనిచ్చే ఆటోమేటిక్ పొడిగింపు, 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు లేదు. కార్డు ఫిబ్రవరిలో ముగిసి కొత్తది రాకపోతే డిస్ట్రిక్ట్ మిమ్మల్ని క్లాసులో ఉంచలేదు, ఇంటర్న్‌షిప్ లెక్క మధ్యలో తెగుతుంది. 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టొచ్చు, ఆ మొదటి రోజునే పెట్టండి.

ఉద్యోగం వచ్చాక ఐడెంటోగో అనే సంస్థ సెంటర్‌లో వేలిముద్రలు, ఇంటర్న్ సర్టిఫికెట్‌కి 78 డాలర్లు. జీతం మామూలు మొదటి ఏడాది టీచర్‌కి ఇచ్చేదే. డాలస్ శివార్లలో ఏడాదికి 60 వేల డాలర్లకు అటూ ఇటూ. మొదటి పే స్లిప్ చూసి కంగారు పడకండి: టీచర్ రిటైర్మెంట్ సిస్టమ్‌కి 8.25 శాతం పోతుంది, ఈపీపీ ఫీజు వాయిదాలు కూడా చాలాచోట్ల జీతంలోంచే కోస్తారు. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్ట్‌లు సోషల్ సెక్యూరిటీలో లేవు, కాబట్టి ఈ సంపాదన ఆ ఖాతాలో క్రెడిట్లుగా చేరదు. పెన్షన్ హక్కు రావడానికి ఐదేళ్ల సర్వీస్ కావాలి. ఈలోపే ఇండియా వెళ్లిపోతే మీరు కట్టింది వెనక్కి తీసుకోవచ్చు.

ఇంటర్న్ ఏడాదిలో ఈపీపీ పంపే ఫీల్డ్ సూపర్‌వైజర్ పలుమార్లు వచ్చి కనీసం 45 నిమిషాలు కూర్చుని మీ పాఠం చూస్తారు. స్కూల్ తరఫున ఒక మెంటర్ ఉంటారు. టీచర్లకు మార్కులు వేసే పద్ధతి టీ-టెస్, అందులో నాలుగు విభాగాలు, 16 అంశాలు. మనవాళ్లకి తక్కువ పడేది ఒకేచోట. బోర్డు మీద లెక్క అందంగా చేసి, వెనక్కి తిరిగి "అర్థమైందా?" అంటారు, క్లాసంతా ఎస్ మిస్ అంటుంది. సూపర్‌వైజర్ నోట్‌బుక్‌లో పడేది: నేర్చుకున్నట్టు ఆధారం లేదు. అదే చివరి ఐదు నిమిషాల్లో చిన్న కాగితం ముక్క ఇచ్చి −3² విలువ ఎంత అని ఒక్క ప్రశ్న వేయండి. −9 రాసినవాళ్లు ఒక దొంతర, 9 రాసినవాళ్లు ఇంకో దొంతర. బ్రాకెట్ లేనప్పుడు వర్గం మైనస్‌కి అంటదని రెండో దొంతరకి తెలియలేదు. మర్నాడు మొదటి పది నిమిషాలు వాళ్లతో కూర్చుంటే సరి. ఎగ్జిట్ టికెట్ అంటే ఇంతే, కానీ టీ-టెస్‌లో రెండు మూడు అంశాలకి ఇదొక్కటే ఆధారమవుతుంది.

రెండో గండం క్రమశిక్షణ. సెప్టెంబరు మూడో వారానికల్లా పిల్లలు కొత్త టీచర్ కొలతలు తీసేస్తారు. ఇండియాలో టీచర్ అన్న మాటకే ఉండే భయభక్తులు ఇక్కడ ఎవరూ పెట్టి ఇవ్వరు. తరగతిలోకి ఎలా రావాలి, పెన్సిల్ ఎక్కడ చెక్కుకోవాలి, బాత్‌రూమ్‌కి ఎలా అడగాలి, మొదటి వారమంతా ఇవే నేర్పించిన టీచర్లు సిలబస్‌లో వారం వెనకబడతారు, ఏడాదంతా ముందుంటారు. మన ఇంగ్లిష్ యాస గురించి చాలామంది బెంగపెట్టుకుంటారు. అది పెద్ద సమస్య కాదు, వేగమే సమస్య. ముఖ్యమైన పదాలు బోర్డు మీద రాసి, ప్రశ్న వేశాక ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఆగితే చాలావరకు సర్దుకుంటుంది.

మేలో ప్రిన్సిపల్, సూపర్‌వైజర్ సిఫారసు చేశాక ఇంకో 78 డాలర్లు కట్టి స్టాండర్డ్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టాలి. అది ఐదేళ్లు పనిచేస్తుంది, రెన్యువల్‌కి 150 గంటల శిక్షణ చూపించాలి. ఇది చేతికొచ్చాక చాలా సబ్జెక్టులు ఒట్టి పరీక్ష రాసి కలుపుకోవచ్చు, మళ్లీ ఈపీపీ అక్కర్లేదు. ఈసీ-6 మీదే మనసున్నవాళ్లు మ్యాథ్‌తో లోపలికి వచ్చి, తర్వాత దాన్ని కలుపుకోవడం తెలివైన పని.

కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందు ఒక్క తేదీ రాసుకోండి. మొదటి పాఠం రోజుకి 45 రోజుల ముందు వరకే ఏ ఇబ్బందీ లేకుండా రాజీనామా చేయొచ్చు. తర్వాత వదిలేస్తే డిస్ట్రిక్ట్ ఫిర్యాదు చేయొచ్చు, సర్టిఫికెట్ సస్పెండ్ కావచ్చు. భర్త కంపెనీ మారి వేరే ఊరికి వెళ్లాల్సి రావడం మన ఇళ్లలో తరచూ జరిగేదే. జీవిత భాగస్వామి ఉద్యోగం మారడం వల్ల ఊరు మారడాన్ని రాష్ట్ర నిబంధనలు సరైన కారణంగానే ఒప్పుకుంటాయి. ఆయన కొత్త ఆఫర్ లెటర్, కొత్త ఊళ్లో ఇంటి లీజు రెండూ జతచేసి రాజీనామా లేఖ రాతపూర్వకంగా ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.